సంతోషమ్మ మునిగిందట

నవంబరు 20, గురువారం

నిన్న పంతొమ్మిదో తారీఖు. ఎప్పటిలాగే ఆయన టీవీ పెట్టలేదు. పేపరు వచ్చింది గానీ నా కంట పడకుండా పరుపు కిందకి తోసేశారు. ఆ రోజున దివిసీమ ఉప్పెన ఫొటోలు వేస్తారు కదా, అవి నేను చూడకూడదని. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పరుపు, అదే మూల. ఆయన చర్చి కమిటీ మీటింగుకి వెళ్లగానే నేను తీసి చూసుకోవడం, మళ్లీ అలాగే మడిచి పెట్టెయ్యడం కూడా అప్పట్నుంచీ జరుగుతోంది. మా ఆయన హరిబాబు గారికి ఆ సంగతి తెలీదు. తెలిసినా చెప్పరేమో.

ఈసారి వేసింది ఉప్పెన నాటి ఫొటో కాదు. ఇప్పటి సముద్రం, హంసలదీవి దగ్గర. ఏ పాపం ఎరగనట్టు పడుకుని ఉంది. చూస్తే ఒళ్లు మండింది. అమ్మని, నాన్నని, ఏసుపాదాన్ని మింగి కూర్చుని ఫొటోలకి ఫోజులు! ఏసుపాదం నా తమ్ముడు. వాడు చేపకే ఈత నేర్పుతాడని మా పల్లెలో అనేవాళ్లు. ఈత వచ్చినవాడు పోయాడు. ఈత రాని నేను బందరు హాస్టల్లో దుప్పటి కప్పుకుని పడుకుని బతికిపోయాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. మళ్లీ ఆ సముద్రం మొహం చూడలేదు.

చూడలేదంటే ఎవరూ నమ్మరు, ఉద్యోగమంతా ఆ దారిలోనే కదా. మాఘ పౌర్ణమికి హంసలదీవి స్పెషల్ బస్సు వేస్తే కండక్టరు డ్యూటీ నాకే పడేది. ఎన్ని వేలమందిని సముద్ర స్నానానికి దింపానో. "సముద్రం ఇంకెంత దూరం తల్లీ?" అని ముసలమ్మలు అడిగితే "అదిగో, ఆ ఇసక దిబ్బ దాటితే" అని చెయ్యి చూపించేదాన్ని. అందరూ దిగి వెళ్లిపోయేవాళ్లు. నేను ఖాళీ బస్సులో కూర్చుని చిల్లర సర్దుకునేదాన్ని. పోయినేడు ఆఖరి డ్యూటీ. డ్రైవరు కూడా అన్నాడు, "ఒక్కసారి దిగి చూడండి మేడం, మళ్లీ ఈ డ్యూటీకి రారుగా" అని. దిగలేదు.

రిటైరయ్యాక ఆ మాటే బుర్రలో తిరుగుతోంది.

అసలు మోకాళ్ల నొప్పుల గురించి రాద్దామని కూర్చున్నాను. ఎక్కడికో వెళ్లిపోయింది.

నవంబరు 24, సోమవారం

మోకాళ్ల డాక్టరు గారు గుడివాడలో ఉంటారు. బందరు నుంచి బస్సులో వెళ్లాను. ఇప్పుడు ఆడవాళ్లకి ఫ్రీ కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు పిల్ల సున్నా టికెట్టు చేతిలో పెట్టింది. జన్మంతా టికెట్ టికెట్ అని అరిచినదాన్ని. ఆ సున్నా చూస్తుంటే నా ఉద్యోగం మొత్తం ఎవరో కొట్టేసినట్టు అనిపించింది. పైగా ఆ పిల్ల స్టేజీ పేరు కూడా అరవదు. ఎవరు ఎక్కడ దిగాలో దేవుడే చూసుకోవాలి.

పెడనలో కోటేశ్వరమ్మ గారు ఎక్కారు. హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైన మనిషి. గుడివాడ డ్యూటీ చేసిన రోజుల్లో రోజూ నా బస్సే. ఇంట్లో వాళ్లే అద్దిన కలంకారీ చీర కట్టుకుని, మెళ్లో విజిల్ వేసుకుని ఉన్నారు.

"రిటైరయ్యాక కూడా విజిల్ ఏంటండీ?" అన్నాను.

"సీటు ఖాళీగా ఉండగా నువ్వు కమ్మీ పట్టుకుని నిలబడ్డావేం?" అన్నారు ఆవిడ.

చూసుకుంటే నిజమే. కూర్చున్నాను.

ఆవిడకి నాకంటే మూడేళ్లు ఎక్కువ. పోయినేడు విశాఖపట్నంలో పెద్దవాళ్ల ఈత పోటీల్లో మెడల్ తెచ్చుకున్నారట. ఫోన్లో చూపించారు. నల్ల డ్రెస్సు, రబ్బరు టోపీ, మెళ్లో మెడల్. పక్క సీట్లో ఒకాయన తొంగి చూశాడు. ఆవిడ ఫోను ఇంకాస్త అటు తిప్పి, "సరిగ్గా చూడండి బాబూ, మొహమాటమెందుకు" అన్నారు. ఆయన దిగేదాకా తల ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలోనూ కలిశారు. "డాక్టరు నన్ను ఈత కొట్టమంటున్నాడండి, చోద్యం కాకపోతే. నాకు నీళ్లంటే పడదు" అన్నాను.

"నీకు నీళ్లు పడవు సరే. నీళ్లకి నువ్వు పడతావో లేదో వాటినీ అడగాలిగా."

నందివాడ దగ్గర ఆవిడ పాత స్టూడెంటు గంగరాజుకి చేపల చెరువు ఉంది. చేప పట్టేసి, చెరువు ఎండగట్టి, సున్నం చల్లి కొత్త నీళ్లు పెట్టాడట. చేప పిల్ల వదలడానికి ఇంకా టైముంది. అందాకా అదే కోటేశ్వరమ్మ గారి స్విమ్మింగ్ పూల్. గురువారం రమ్మన్నారు.

నవంబరు 25

వెళ్లను. అరవై రెండేళ్లొచ్చి చేపల చెరువులో దిగితే జనం నవ్వరూ.

నవంబరు 27, గురువారం

వెళ్లాను. మోకాళ్ల కోసమే.

ఆయనతో గుడివాడలో ఫిజియోథెరపీ అని చెప్పాను. అబద్ధమేం కాదు, నీళ్లలో చేసే ఫిజియోథెరపీ. నీళ్లు అన్న మాట ఒక్కటే మింగేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఉంది నా వ్యవహారం. తాగితే తాగాను.

చెరువంటే ఏదో గుంట అనుకున్నాను. గట్టెక్కి చూస్తే అవతలి గట్టు మంచులో కలిసిపోయి కనపడదు. ఒక మూల గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. కోటేశ్వరమ్మ గారు ఒడ్డున నడిచేటప్పుడు ఎడంకాలు కొంచెం ఈడుస్తారు. మెట్టు దిగాలంటే నా భుజం కావాలి. ఆ మనిషి నీళ్లలో దిగారు. అంతే, ఆ కుంటి మనిషి ఇక లేదు. చప్పుడు లేకుండా, చిందు లేకుండా, చెయ్యి వెనక చెయ్యి వేసుకుంటూ ఎటో వెళ్లిపోయారు. నేను గట్టు మీద చెప్పులు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాను. అరవై అయిదేళ్ల ఒంట్లో అంత అందం దాక్కుని ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

నేను మోకాళ్ల దాకా దిగాను. ఇవాళ్టికి చాలన్నాను.

డిసెంబరు 4, గురువారం

నడుం దాకా. పంజాబీ డ్రెస్సులోకి గాలి చేరి పైజమా బుడగలా ఉబ్బింది. గంగరాజు పనివాళ్లు మొహం అటు తిప్పుకుని నవ్వారు. నవ్వనీ.

తేలడం నేర్పమంటే కోటేశ్వరమ్మ గారు ఒప్పుకోరు. "ముందు మునగాలి. మునగని వాళ్లకి తేలడం రాదు" అంటారు. ముక్కు మూసుకుని మునిగాను. కళ్లు తెరిచాను. అంతా పచ్చగా ఉంది, చప్పుడు లేదు. ఏసుపాదం ఆఖరున చూసింది ఇదేనా అనిపించింది. ఉక్కిరిబిక్కిరై పైకి లేచాను. దగ్గు, ఏడుపు, రెండూ కలిసిపోయాయి.

ఆవిడ వీపు రాశారు. "లోపల ఎవరున్నారు?" అన్నారు.

"మా తమ్ముడండి."

"ఊఁ. మళ్లీ వచ్చినప్పుడు ఇంకాసేపు మాట్లాడు."

మా వైపు ఉప్పెన సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు, అది ఒక సుఖం. బట్టలు మార్చుకుంటుంటే ఆవిడే అన్నారు. మాఘ పౌర్ణమి జనం తగ్గాక ఏటా హంసలదీవి వెళ్లి సముద్రంలో ఈదుతారట. నన్నూ రమ్మన్నారు. "నువ్వు నా దగ్గరకి వచ్చింది మోకాళ్ల కోసం కాదు కదూ?"

"మోకాళ్ల కోసమేనండి" అన్నాను.

సముద్రంలో ఈతట! ఆవిడకి మతి పోయింది. ఆ మాట వినగానే నాకు భయం వెయ్యాలి. వేసింది భయం కాదు. అందుకే ఇంత సేపటి నుంచీ కుదురు లేదు.

డిసెంబరు 12

మునిగాను. లేచాను. మునిగాను. లేచాను. సగం చెరువు నా ముక్కులోంచే వెళ్లింది. గంగరాజు నీళ్లకి బిల్లు వేస్తాడేమో.

డిసెంబరు 25, గురువారం

క్రిస్మస్ ఆరాధన. ఆయన క్వయర్లో ముందు వరసలో నిలబడి పాడారు. ఆ గొంతుకి ఇంకా వయసు రాలేదు. నేను పాడలేదు. పాట మొదలైన దగ్గర్నుంచీ ఊపిరి ఎంతసేపు బిగబట్టగలనో చూసుకుంటున్నాను. రెండో చరణం దాకా ఆగగలిగాను. ఎప్పుడూ నా బెంచీ మీదే కూర్చునే ఝాన్సీ కంగారుపడి, "ఏంటొదినా, మొహం అలా ఎర్రబడింది, గుండె నొప్పా?" అంది. "పరిశుద్ధాత్మ" అన్నాను. పండగ పూట అబద్ధం. క్షమించు ప్రభూ, కానీ నవ్వొచ్చింది.

జనవరి 10, శనివారం

తేలాను.

అక్షరాలు వంకరగా పడుతున్నాయి. ఇవాళ పాత తెల్ల డ్రెస్సు వేసుకున్నాను, బురదంటినా పర్లేదని. కోటేశ్వరమ్మ గారు నా తల కింద అరచెయ్యి పెట్టి, "పైకి చూడు. నీళ్లని నమ్మకపోతే నన్ను నమ్ము" అన్నారు. పైకి చూశాను. ఆకాశం తప్ప ఏమీ లేదు. చెవులు నీళ్లలో ఉన్నాయి, నా గుండె నాకే వినపడుతోంది. ఎంతసేపటికో చూస్తే ఆవిడ చెయ్యి నా తల కింద లేదు. ఎప్పుడు తీసేశారో. ఆవిడ దూరంగా నిలబడి చేతులు రెండూ పైకెత్తి ఉన్నారు.

ఇరవై ఎనిమిదేళ్లు బస్సులో నిలబడ్డ ఒళ్లు ఇది. మోకాళ్లు అరిగాయి, నడుం పట్టేసింది, బరువు పెరిగింది. ఇన్నాళ్లూ నేనే దీన్ని మోస్తున్నాను. ఇవాళ నీళ్లు మోశాయి. నా బరువు ఎవరో అడక్కుండా అందుకున్నారు. గూడబాతులు పైనుంచి వెళ్లాయి, వాటి పొట్టలు చూశాను. పక్షిని కింద నుంచి అలా పడుకుని ఎప్పుడూ చూడలేదు. "స్తోత్రం!" అని అరిచాను. నేను అరవలేదు, నోట్లోంచి అదే వచ్చింది. గట్టు మీద గంగరాజు, పనివాళ్లు చప్పట్లు కొట్టారు. రోడ్డు మీద ఏదో ఆటో ఆగింది, మళ్లీ వెళ్లిపోయింది.

మోకాళ్ల కోసమే అయితే ఇంత ఏడుపెందుకొస్తుంది?

జనవరి 11, ఆదివారం

చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఝాన్సీ వెళ్లి అవతల వరసలో కూర్చుంది.

జనవరి 18, ఆదివారం

ఇవాళా అంతే. స్త్రీల సమాజం ప్రార్థనలో "దారి తప్పిన మన సహోదరి కోసం" అన్నారు. పాపం ఎవరో అనుకుని నేనూ ఆమెన్ అన్నాను.

జనవరి 19, సోమవారం

ఆ దారి తప్పిన సహోదరిని నేనేనట.

సాయంత్రం మా చర్చి పాస్టరు అయ్యగారు, ఇద్దరు కమిటీ పెద్దలు, వాళ్ల వెనక ఝాన్సీ వచ్చారు. మా ఆయన కమిటీ సెక్రటరీ కదా, మీటింగేమో అనుకుని కాఫీ పెట్టాను. అయ్యగారు కాఫీ ముట్టుకోకుండా పక్కన పెట్టారు. తర్వాత చాలా మెల్లిగా, "అమ్మా సంతోషమ్మా, మునిగారని విన్నాం. నిజమేనా?" అన్నారు.

చెరువు సంగతి తెలిసిపోయిందన్నమాట. ఇక దాచి లాభం లేదు.

"నిజమేనండి. చాలాసార్లు మునిగాను."

"చాలాసార్లా!" ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టేశారు.

"మొదట్లో ఎవరికైనా అంతేనటండి. ఊపిరి అందేది కాదు. ఇప్పుడు తేలుతున్నాను."

అయ్యగారు మా ఆయన వంక చూశారు. ఆయన నా వంక చూస్తున్నారు, రెప్ప వెయ్యడం లేదు.

"ముంచింది ఎవరమ్మా?"

"కోటేశ్వరమ్మ గారండి, పెడన ఆవిడ."

"ఆవిడది ఏ సంఘం?"

"సంఘమేంటండీ? వాళ్లు హిందువులు. కలంకారీ అద్దకం వాళ్లు."

"ప్రభువా!" అంది ఝాన్సీ.

"హిందువులావిడ నీకు బాప్తిస్మం ఇచ్చిందా?" అన్నారు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి గానీ నా మట్టి బుర్రకి వెలగలేదు. మా చర్చిలో పసిపిల్లలప్పుడే నుదుటి మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే బాప్తిస్మం అయిపోతుంది. పెద్దయ్యాక తెల్లబట్టలు కట్టి నీళ్లలో నిండా ముంచి ఇచ్చేది వేరే సంఘాల వాళ్లు. ఫలానా మనిషి మునిగిందంటే ఆ చుక్కలు చెల్లవని చెప్పి మా చర్చి వదిలి వెళ్లిపోయిందనే. నందివాడలో చుట్టాలింటికి ఆటోలో వెళ్తూ ఝాన్సీ చూసింది. చెరువులో నేను, తెల్లబట్టలు, నా తల పట్టుకుని ఒకావిడ, గట్టు మీద జనం చప్పట్లు, పైగా "స్తోత్రం" అని కేక. ఝాన్సీని అనడానికి లేదు. నేను ఆ ఆటోలో ఉన్నా అదే అనుకునేదాన్ని.

"బాప్తిస్మం కాదండీ బాబూ, ఈత!" అన్నాను.

అయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. పెద్దలిద్దరూ నవ్వారు. ఝాన్సీ నవ్వుతూ ఏడ్చి నన్ను కావలించుకుంది. కళ్లు తుడుచుకుంటూ అయ్యగారు, "ఈ వయసులో ఈత ఎందుకమ్మా?" అన్నారు.

మోకాళ్ల కోసమని చెప్పడానికే నోరు తెరిచాను. "హంసలదీవి దగ్గర సముద్రంలో దిగడానికండి" అని వచ్చింది.

అందరూ నవ్వు ఆపేశారు. మా ఆయన మొదటి నుంచీ నవ్వలేదు. అయ్యగారు చిన్న ప్రార్థన చేసి లేచారు.

జనవరి 20, మంగళవారం

పొద్దున్నే మొదలైంది. ఫిజియోథెరపీ అని చెప్పినందుకు కోపం అనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు.

"కోటేశ్వరమ్మకి మెడల్ ఉంటే సముద్రానికేం లెక్క? అక్కడ ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. నిన్ను ఆ నీళ్లకి ఇవ్వను."

"ఇవ్వడానికి నేనేమన్నా చర్చి కానుకనా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ఆయన కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. తర్వాత అన్నారు. "తుఫాను అని రేడియోలో చెప్పినప్పుడల్లా నువ్వు గోడవైపు తిరిగి పడుకునేదానివి. అన్నం లేదు, మాట లేదు. గాలి తగ్గేదాకా నీ పక్కన కూర్చున్నది నేను. నీకేమన్నా అయితే నా పక్కన ఎవరు కూర్చుంటారు సంతోషం?"

పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పాలే లేవు.

జనవరి 22

మాటల్లేవు. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు.

జనవరి 24

ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. అదీ తినేశారు.

జనవరి 27, మంగళవారం

నేను మానేస్తే సరిపోతుంది కదా. ఇన్నేళ్లూ చూడకుండా బతికాను, ఏం తక్కువైంది. పద్నాలుగేళ్ల పిల్లని కాదు, మొండితనం ఎందుకు. మానేస్తాను. కోటేశ్వరమ్మ గారికి ఫోన్ చేసి చెప్పేస్తాను.

చెయ్యలేదు.

జనవరి 28

చెరువుకి వెళ్లాను. చెప్పే వెళ్లాను ఈసారి. "టవలు తీసుకెళ్లావా?" అని మాత్రం అన్నారు.

గట్టు పొడుగునా ఈదాను, ఆగకుండా. నాకు ఈత వచ్చు. నాకు ఈత వచ్చు. ఏసుపాదం, విన్నావా?

ఫిబ్రవరి 1, ఆదివారం, మాఘ పౌర్ణమి

చర్చికి వెళ్తూ బస్టాండు ముందు ఆగాను. హంసలదీవి స్పెషల్ వరసగా నిలబడి ఉన్నాయి. ముసలమ్మలు, మూటలు, కేకలు. ఎవరో కొత్త కండక్టరు. ఒక ముసలావిడకి మెట్టు ఎక్కడం రాకపోతే చెయ్యి అందించాను. "నువ్వు రావా తల్లీ?" అంది. ప్రసంగంలో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

భోజనాలయ్యాక ఆయన ఎదురుగా కూర్చున్నాను. "మోకాళ్ల కోసం కాదండి" అన్నాను.

"తెలుసు."

"అందరికీ సమాధులున్నాయి. మా వాళ్లకి లేదు. మీ అమ్మగారి సమాధికి సున్నం వేయించి పూలు పెట్టి వస్తాం ఏటా. నాకు వెళ్లడానికి ఆ నీళ్లే ఉన్నాయి. ఇన్నాళ్లూ దాని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను."

"పోనీ ఒడ్డున నిలబడి ప్రార్థన చేసుకుందాం. నేనూ వస్తాను."

"ఒడ్డు దాకా వేలమందిని దింపానండి. నాకు ఒడ్డు వద్దు."

ఆయన లేచి వెళ్లి మొక్కలకి నీళ్లు పోశారు. పొద్దున్న పోసిన మొక్కలకే.

ఫిబ్రవరి 9, సోమవారం

చెరువులో చేప పిల్ల వదిలేశారు. కోటేశ్వరమ్మ గారు ఫోన్ చేశారు. గాలి పడిపోయింది, రేపు బాగుంటుందట. "రేపు" అని ఆయనతో చెప్పాను. పేపరు తిరగేశారు. ఆ పేపరు నిన్నటిది.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒళ్లంతా ఉప్పు. రెండుసార్లు స్నానం చేసినా పోలేదు, పోవాలని కూడా లేదు.

గంగరాజు కారు పంపించాడు. తెల్లవారేసరికి కోటేశ్వరమ్మ గారు అందులో ఉన్నారు. నేను సంచీ తీసుకుని బయటికి వస్తే మా ఆయన చర్చి బట్టలు వేసుకుని, షూ కట్టుకుని, ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. "వద్దన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో కూర్చోలేక వస్తున్నాను. నీళ్ల వైపు మాత్రం చూడను" అన్నారు. కోటేశ్వరమ్మ గారు ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూడటం ఇదే మొదలు.

అవనిగడ్డ, కోడూరు. ప్రతి మలుపూ నాకు తెలుసు, ప్రతి స్టేజీ పేరూ నాలుక మీదకి వచ్చింది. ఇసక దిబ్బ దగ్గర కారు ఆగింది. నా కాళ్లు దిగలేదు. నేను దిగాలనే అనుకున్నాను, కాళ్లు వినలేదు. ఇన్నేళ్ల అలవాటు వాటిది. కోటేశ్వరమ్మ గారు దిగారు, డ్రైవరు దిగాడు. నేను అలాగే కూర్చున్నాను. అప్పుడు నా వైపు తలుపు తెరుచుకుంది. ఆయన. రమ్మనలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డారు. దిగాను.

దిబ్బ ఎక్కాను.

ఇంత ఉంటుందని మర్చిపోయాను. చిన్నప్పుడు రోజూ చూసినదే, అయినా మర్చిపోయాను. ఈ చివర నుంచి ఆ చివరకి తల తిప్పాను, మెడ అయిపోయింది గానీ సముద్రం అయిపోలేదు. కుడివైపు దూరంగా కృష్ణ వచ్చి కలుస్తోంది. నది నీళ్లు టీ రంగు, ఇటు పచ్చ. మధ్యలో గీత గీసినట్టు ఉంది, ఆ గీత కదులుతోంది. దారంతా తిట్లు వరస పెట్టుకుని వచ్చాను. కండక్టరు నోరు నాది, తక్కువ తిట్లేం కాదు. ఒక్కటీ గుర్తు రాలేదు.

కోటేశ్వరమ్మ గారికి తెలిసిన జాలరి పోతయ్య పడవ వేసుకుని ఉన్నాడు. సంగమం వైపు సుళ్లుంటాయి, అటు పోవద్దన్నాడు. "నీరు వెనక్కి తీసేటప్పుడు లోపలికి లాగుద్దమ్మా. పోటు ఎక్కింది, ఇప్పుడు దిగండి. నేను పక్కనే ఉంటా" అన్నాడు. మా ఆయన సముద్రానికి వీపు పెట్టి ఇసకలో కూర్చున్నారు.

మొదటి అల మోకాళ్ల దగ్గర కొట్టింది. రెండోది కింద పడేసింది. నోటినిండా ఉప్పు, ముక్కునిండా ఇసక. లేచాను. కోటేశ్వరమ్మ గారు నా మణికట్టు పట్టుకుని, "అల వచ్చినప్పుడు ఎదురు నిలబడకు. కిందనుంచి వెళ్లు. మునుగు!" అని అరిచారు. మునిగాను. నా మీదనుంచి అల వెళ్లిపోయింది. ఇంకోటి. మునిగాను. అలా వెళ్తే వెళ్తే ఒక చోట అలలు విరగడం లేదు. నీళ్లు ఊరికే పైకి లేస్తున్నాయి, కిందకి దిగుతున్నాయి. పడవ కూడా లేస్తోంది, దిగుతోంది. పోతయ్య బీడీ కాల్చుకుంటున్నాడు. కోటేశ్వరమ్మ గారు నా మణికట్టు వదిలేశారు.

వెల్లకిలా పడుకున్నాను. మోసింది. చెరువు మోసినట్టు కాదు. చెరువు ఊరుకుంటుంది, ఇది ఊపిరి తీసుకుంటుంది. నన్ను ఎత్తుతోంది, దింపుతోంది, నా కోసం కాదు, ఎవరి కోసమూ కాదు. నలభై ఎనిమిదేళ్లు దీనితో పగ నాకు. దీనికి నేనెవరో తెలీదు. అమ్మ ఎవరో తెలీదు. ఉప్పెన రోజున కూడా తెలీదు, ఇవాళా తెలీదు. మనిషైతే తిట్టొచ్చు, క్షమించొచ్చు. దీన్నేం చేస్తాం. ఇంత పెద్దదాని ముందు నా పగ ఎంత. అది తెలిసి నాకు చిన్నతనం వెయ్యలేదు. భుజాల మీద నుంచి ఏదో దించినట్టైంది.

"అమ్మా" అన్నాను. "నాన్నా" అన్నాను. "ఏసుపాదం, నాకు ఈత వచ్చిందిరా" అన్నాను. చెవులు నీళ్లలో ఉన్నాయి కాబట్టి నా గొంతు నాకు లోపల్నుంచే వినపడింది. ఏడ్చాను. కన్నీళ్లు ఎక్కడ ఆగాయో సముద్రం ఎక్కడ మొదలైందో తెలీలేదు.

ఆ తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. సంతోషం వేసింది. ఊరికే పొంగింది, పిల్లలకి వేసేలాంటిది. మనవాళ్లని మింగిన నీళ్లలో సంతోషం ఎలా వేస్తుందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. వేసింది. ఒక్క కేక పెట్టాను. అది స్తోత్రమో, మరేదో, నాకే తెలీదు.

ఆ కేక ఒడ్డు దాకా వెళ్లినట్టుంది. తల తిప్పి చూశాను. మా ఆయన లేచి ఇటు తిరిగి ఉన్నారు. నీళ్ల వైపే నడుస్తున్నారు. షూ విప్పలేదు, ప్యాంటు మడవలేదు. మొదటి అలకి తూలారు, ఆగలేదు. నడుం దాకా వచ్చేశారు. అరవై ఏడేళ్లు, ఈత రాదు, చర్చి బట్టలు. పోతయ్య బీడీ పారేసి పడవ అటు తిప్పబోయాడు. నాకు అర్థమైపోయింది, చాల్లే ఇక వచ్చెయ్యమంటారు. వెళ్లాలి కూడా, నా కోసం ఆ మనిషి అంతదూరం దిగారు. చేతులు అటు తిప్పాను.

ఆయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, క్వయర్లో పాడే గొంతుతో అరిచారు.

"సంతోషం! వచ్చేస్తావా, ఇంకాసేపు ఉంటావా?"

ఒక అల మా ఇద్దరి మధ్య లేచి, దిగింది.

"ఇంకాసేపు!" అన్నాను.

"సరే" అన్నారు ఆయన. నడుం లోతులో అక్కడే నిలబడ్డారు.